రికార్డింగ్ మనదే, తాళం మాత్రం బాక్స్‌ది!

ఎడిటర్ గారికి నమస్కారం.

మా డీటీహెచ్ సెట్‌టాప్ బాక్స్‌కి 1 టీబీ హార్డ్ డిస్క్ తగిలించి, రెండేళ్లుగా అమ్మ కోసం హరికథలు, కచేరీలు రికార్డు చేస్తున్నాను. మొన్న పిడుగుకి బాక్స్ కాలిపోయింది. కొత్త బాక్స్‌కి అదే డిస్క్ పెడితే 'ఫార్మాట్ చేయాలా?' అంటోంది, కంప్యూటర్‌కి పెట్టినా అదే ప్రశ్న. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ 'కేబుల్ మార్చి చూడండి సార్' అన్నారు. మార్చాను కూడా, నా అమాయకత్వం!

చివరికి వీధి చివర రిపేరు షాపు కుర్రాడు చెప్పాడు: రికార్డింగులు ఆ పాత బాక్స్‌కే తాళం వేసి ఉంటాయట, వేరే బాక్స్‌లో తెరుచుకోవు. ఈ ఒక్క ముక్క బిగించే రోజే చెబితే ఏం పోయింది?

ఇంకో సంగతి. పెళ్లి వీడియోలున్న డిస్క్‌ని బాక్స్‌కి పెట్టి పొరపాటున 'ఓకే' నొక్కకండి, అన్నీ తుడుచుకుపోతాయి. సొంత వీడియోలకి వేరే డిస్క్ ఉంచుకోండి. అదైనా ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో (డిస్క్‌లో ఫైళ్లు సర్దే తీరు) ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలి, అదీ లోపలున్నవి వేరేచోట కాపీ చేసుకున్నాకే. డిస్క్ టిక్ టిక్‌మంటూ ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదేమో, విడిగా అడాప్టర్ ఉన్న డిస్క్ వాడి చూడండి.

అమ్మకి మాత్రం ఇంకా అసలు విషయం చెప్పలేదు. రిపేరుకిచ్చాను అంటున్నాను.

- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం