చిట్టెం ముక్కకు ఉల్క ధ్రువపత్రం: ఒక ఫిర్యాదు లేఖ

మేనేజర్ గారికి,
రాళ్ల పరీక్షా విభాగం.

విషయం: ఇనుప చిట్టెం (ఇనుము కరిగించేటప్పుడు మిగిలే మడ్డి) ముక్కను ఇనుప ఉల్కగా ధ్రువీకరించడం గురించి, కట్టిన రుసుము వాపసు కోరుతూ.

అయ్యా,

గత నెల మీకు కొరియరులో పంపిన నల్లరాయి గురించి ఈ ఉత్తరం. అది ఉల్క కానందుకు నాకేమీ బాధ లేదని ముందే చెబుతున్నాను. పొలంలో దొరికిన ప్రతి నల్లరాయీ ఆకాశం నుంచి పడదన్న సంగతి, పాతికేళ్లు హైస్కూలులో సైన్సు చెప్పినవాడిగా నాకు తెలుసు. అవునో కాదో తేల్చమనే 4,500 రూపాయలు కట్టాను. మీరు తేల్చలేదు. చూడకుండానే అవునన్నారు.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. పైపుల కోసం చేలో కాలువ తవ్వుతుంటే ఈ రాయి బయటపడింది. పిడికిలి కంటే కాస్త పెద్దది, పైన నల్లని నిగనిగ. అయస్కాంతం పెడితే అంటుకుంది. కూలీలు పిడుగురాయి అని దండం పెట్టారు. నాకూ ఆశ పుట్టింది, కాదనను. బరువు 1,260 గ్రాములు. పంపే ముందు తూచి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఆ బరువును కొరియరు రశీదు మీద రాయించాను.

రెండు వారాల్లో రాయి తిరిగొచ్చింది. వెంట మెరిసే ముద్ర వేసిన ధ్రువపత్రం: ‘ఇనుప ఉల్క, నికెల్ 8 శాతం, సాంద్రత 7.8’. కింద అడ్డదిడ్డంగా గీతలు అల్లుకున్న ఒక ఫొటో, అది నా రాయి లోపలి భాగమట. ఉల్కకు మా ఊరి పేరు కూడా పెట్టేశారు. మర్నాడే మీ ప్రతినిధి ఫోను చేసి, మరో 25,000 కడితే విదేశీ కొనుగోలుదారును చూపిస్తామన్నారు.

ఆ ఫొటో సంగతే ముందు తేల్చండి. ఇనుప ఉల్కల్లో అలాంటి గీతలు ఉండే మాట నిజమే. ఇనుము, నికెల్ కలిసిన లోహం లక్షల ఏళ్ల పాటు అతి నెమ్మదిగా చల్లారితే ఏర్పడే అల్లిక అది. అయితే అది కంటికి కనిపించాలంటే రాయిని కోయాలి, కోసిన ముఖాన్ని నునుపు చేయాలి, ఆమ్లంతో కడగాలి. నా రాయి మీద రంపపు గాటు ఒక్కటీ లేదు. తిరిగొచ్చాక తూస్తే అదే 1,260 గ్రాములు. కోయని రాయి లోపల మీకెలా కనిపించింది? ఆ ఫొటో ఏ రాయిదో మీకే తెలియాలి.

ఇక సాంద్రత. నిండుగా నీళ్లు పోసిన గిన్నెలోకి రాయిని దారంతో దించి, పొర్లిన నీటిని మా బడి కొలజాడీతో కొలిచాను. 360 మిల్లీలీటర్లు. భాగిస్తే మూడున్నర. మీరన్న 7.8 నిజమైతే 162 మిల్లీలీటర్లకు మించి పొర్లకూడదు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్క ఇది, మీ ప్రయోగశాలలో ఎవరికీ తోచలేదా?

ఇదే మాట ఫోనులో అడిగితే, అయస్కాంతానికి అంటుకుంది కదా, ఇంకేం రుజువు కావాలన్నారు మీ ప్రతినిధి. అయస్కాంతానికి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజమూ అంటుకుంటుంది, కొలిమి చిట్టెమూ అంటుకుంటుంది. ఉల్క పైన ఉండేది ఒక మిల్లీమీటరు కూడా మందం లేని కాలిన పొర, వేలితో నొక్కినట్టు నున్నటి గుంటలు. నా రాయికి ఒక పక్క పెచ్చు లేచిన చోట బుడగలు పేలిన చిల్లులున్నాయి, తేనెపట్టులా. కరిగిన పదార్థంలో గాలి చిక్కితే పడే చిల్లులవి. ఉల్కల్లో అవి దాదాపు కనిపించవు.

చివరికి రాయిని మా ఊరి కమ్మరి పెద్దాయన చేతిలో పెట్టాను. ఒకసారి తిప్పి చూసి, “చిట్టెం సారూ, మా తాతల నాటి కొలిమిది” అన్నారు. ఉక్కుకు పేరుపడిన కోనసముద్రం మా జిల్లాలోదే. ఇనుము కరిగించిన ఊళ్లలో నేల తవ్వితే చిట్టెం రాకుండా ఎలా ఉంటుంది? ఆయన తీసుకున్న రుసుము ఒక టీ.

ఊరి పేరు పెట్టడం కూడా మీ చేతిలోని పని కాదు. కొత్త ఉల్క పేరును ఆమోదించేది అంతర్జాతీయ ఉల్కా పరిశోధకుల సంఘం. అందుకు 20 గ్రాములు గానీ మొత్తం బరువులో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అంత ముక్కను ఒక గుర్తింపు పొందిన సంస్థలో భద్రపరచాలి. నా రాయి నుంచి గ్రాము కూడా తగ్గలేదని పైనే చెప్పాను.

కాబట్టి 4,500 రూపాయలూ, రానుపోను కొరియరు ఖర్చు 380 రూపాయలూ వాపసు చేయండి. ధ్రువపత్రం రద్దు చేసినట్టు రాతపూర్వకంగా తెలపండి. మీ వెబ్‌సైటులో ‘కొత్తగా దొరికిన ఉల్కలు’ అన్న శీర్షిక కింద పెట్టిన నా రాయి ఫొటోనూ, మా ఊరి పేరునూ తీసేయండి. ఇప్పటికే ఇద్దరు మా చేను వెతుక్కుంటూ వచ్చి మొక్కజొన్న తొక్కి వెళ్లారు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇవి జరగకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనులో ఫిర్యాదు వేస్తాను.

ధ్రువపత్రం అసలు ప్రతిని సరిచూడటానికి వెనక్కి పంపమని నిన్న మీ కార్యాలయం నుంచి సందేశం వచ్చింది. అది పంపను. నకలు జతచేశాను, రశీదూ ఫొటోలూ కూడా.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(సంతకం)