వినాయకుడి పత్రిలో వయ్యారిభామ

సంపాదకులకు నమస్కారం.

వినాయక చవితికి మట్టి ప్రతిమనే పూజించాలన్న ప్రచారం ఏటా బాగానే సాగుతోంది. దానికి పత్రికలు ఇస్తున్న చోటూ తక్కువేమీ కాదు. కానీ ఆ ప్రతిమకు సమర్పించే పత్రి గురించి పట్టించుకునేవారు అరుదు. భాద్రపద శుద్ధ చవితినాడు నైవేద్యానికి ఉండ్రాళ్ళు ఎంత ముఖ్యమో, పూజకు ఆకులు అంత ముఖ్యం. "సుముఖాయ నమః మాచీపత్రం పూజయామి" అని మొదలుపెట్టి, 21 నామాలకు 21 రకాల పత్రాలను పేరుపేరునా సమర్పించడం ఈ వ్రతకల్పంలోని విశేషం. ఏ ఆకు వేసినా ఒకటే అనుకుంటే ఇన్ని పేర్లు చదవవలసిన అవసరమే ఉండేది కాదు.

చవితి ముందురోజు బజారులో కట్టలుగా అమ్ముడుపోతున్న పత్రి చూస్తే మాత్రం ఏ ఆకైనా ఒకటే అన్నట్టుంది. నిరుడు మా ఊళ్ళో కొన్న కట్ట విప్పి చూడగా, మారేడు, మామిడి, రేగు, కాస్త గరిక మినహా మిగిలినవన్నీ కానుగ రెమ్మలూ, మాచిపత్రి పేరుతో వయ్యారిభామ అనే కలుపు మొక్కా ఉన్నాయి. మాచిపత్రి, వయ్యారిభామ రెండింటి ఆకులూ చీలికలు చీలికలుగా ఉండటంతో పోల్చుకోవడం కష్టమే. అయితే మాచిపత్రిని నలిపితే ఘాటైన సువాసన వస్తుంది, ఆకు అడుగుభాగం తెల్లని నూగుతో ఉంటుంది. వయ్యారిభామకు ఆ వాసన ఉండదు, కొసన బియ్యపు నూకల్లాంటి తెల్లని పూలు గుత్తులుగా ఉంటాయి. 1950లలో పుణె ప్రాంతంలో గుర్తించిన నాటి నుంచి దేశమంతటా అల్లుకుపోయిన ఈ కలుపు తగిలితే కొందరికి ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది, దాని పుప్పొడి పీలిస్తే ఆయాసం వస్తుంది. అమ్మేవారిని నిందించి లాభం లేదు. కొనేవారే గుర్తుపట్టలేనప్పుడు, తెల్లవారకముందే గట్ల వెంట తిరిగి కోసుకొచ్చేవారు ఏ ఆకు కోసం వెతుకుతారు?

నిజానికి ఈ 21 ఆకుల్లో చాలావరకు మన సంవత్సరమంతటితో ముడిపడినవే. మారేడు శివరాత్రికి కావాలి, జమ్మి దసరాకు కావాలి, జిల్లేడు ఆకులు తలపైనా భుజాలపైనా పెట్టుకొని రథసప్తమి స్నానం చేస్తాం, రేగుపండ్లు భోగినాడు పిల్లల తలమీద పోస్తాం. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింతలకు స్నానం చేయించిన ఇళ్ళు నేటికీ ఉన్నాయి, ఉత్తరేణి పుల్లతో పళ్ళు తోముకున్న పెద్దలూ ఉన్నారు. వానలకు చెట్టూ చేమా చిగిర్చిన భాద్రపదంలో పిల్లలను వెంటబెట్టుకొని ఈ ఆకులు కోసుకురావడమే, నా దృష్టిలో, ఈ పండుగలో సగభాగం. ఆ తిరుగుడు లేకుండా సంచిలో వచ్చిన పత్రిని పేర్లు చదువుతూ గుప్పెళ్ళతో వేసేస్తే మంత్రం మిగులుతుందేమో గానీ మొక్క మిగలదు.

పిల్లల చేత కోయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపూరితాలు. వాటిని పెద్దలే కోయాలి, పూజ ముగిశాక చేతులు కడుక్కున్న తరువాతే ప్రసాదం ముట్టాలి. దొరకని ఆకు కోసం హైరానా పడవలసిన పనీ లేదు. హిమాలయాల దేవదారు మన మైదానాల్లో ఎక్కడ దొరుకుతుంది? లేని ద్రవ్యానికి బదులు అక్షతలు సమర్పించే వెసులుబాటు మన పూజావిధానంలోనే ఉంది. ఇరవై ఒకటీ పూర్తి కావాలన్న పట్టుదలతో ఒక్క జమ్మి చెట్టును ఊరంతా కలిసి మోడు చేయడం కంటే నాలుగు అక్షింతలు వేయడం మేలు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా.

ఈ పత్రి చెరువు నీటిని శుద్ధి చేస్తుందన్న సందేశం ఏటా వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. కానీ బండ్ల కొద్దీ ఆకు ఒక్కసారిగా నీళ్ళలో పడి కుళ్ళితే నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలకు ఊపిరాడదు. నిమజ్జనానికి ముందే పూలూ పత్రీ తీసి వేరుగా ఉంచాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంటి పత్రిని మొక్కల మొదట్లో వేస్తే ఎరువవుతుంది.

మీ పత్రికకు నా మనవి ఒక్కటే. చవితికి ముందు ప్రచురించే పూజావిధానంలో బృహతి, అపామార్గ, సింధువార వంటి పేర్ల పక్కన వాకుడు, ఉత్తరేణి, వావిలి అని వాడుక పేర్లు కూడా వేసి, ప్రతి ఆకుకూ స్పష్టమైన రంగుల ఛాయాచిత్రం జతచేయండి. మాచిపత్రి పక్కన వయ్యారిభామ చిత్రాన్ని కూడా వేసి తేడా చూపించండి. దానిని పండుగనాడు కాక వారం ముందుగా ప్రచురిస్తే, ఆకులు వెతుక్కోవడానికి పాఠకులకు ఒక ఆదివారమైనా దొరుకుతుంది.

భవదీయురాలు,
వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకురాలు, తెనాలి