గాలికి దారి ఇవ్వకపోతే నీళ్లు దిగవు

చిన్నా,

ఆశీస్సులు. చలి ముదిరేలోపు, కారు వెనక లాక్కెళ్లే నీ ఇంటి ట్రైలర్‌ను మూసి పెట్టేస్తానన్నావు కదా, అందులోంచి నీళ్లు తీసే పని గురించి రాస్తున్నాను. ట్యాంకు వాల్వు తిప్పేసి పని అయిపోయిందనుకునేవాళ్ల ట్రైలర్లే చలి తగ్గాక కారుతుంటాయి.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. సగం ఖాళీగా ఉన్న పైపులో ఆ ఉబ్బుకు చోటుంటుంది, ఏమీ కాదు. పంపు తలలోనో, టాయిలెట్ ఫ్లష్ వాల్వులోనో నిండుగా నిలిచిపోయిన చెంచాడు నీళ్లే ప్లాస్టిక్‌ను పగలగొడతాయి. స్ట్రా పైకొనను వేలితో మూస్తే నీళ్లు జారవు చూడు, ఈ పైపులూ అంతే. అందుకే ప్రతి చోటా నీళ్లు ఎటు పోతాయన్నదే కాదు, గాలి ఎటునుంచి వస్తుందన్నదీ చూసుకో.

మొదట గీజరు. గ్యాసు, కరెంటు రెండూ ఆపు. బయటి నీళ్ల కనెక్షన్ తీసెయ్, పంపు కూడా ఆపు. నీళ్లు పూర్తిగా చల్లారడానికి కొన్ని గంటలు పడుతుంది, తొందరపడకు. తర్వాత వేడినీళ్ల కుళాయి తెరిచి ఒత్తిడి పోనిచ్చి, గీజరు పై భాగంలోని సేఫ్టీ వాల్వు మీట ఎత్తు. ఆ తర్వాతే కింది బిరడా విప్పాలి. ఈ వరస తప్పితే బిరడా, కాగే నీళ్లు కలిసి మొహం మీదికే వస్తాయి. ఆరు గాలన్ల గీజరైతే 22 లీటర్లకు పైగా దిగుతాయి. సన్నగా కారుతుంటే సేఫ్టీ వాల్వు ఎత్తి ఉంచు, గాలి అందుకుని ధార పెద్దదవుతుంది.

ఉక్కు ట్యాంకయితే ఆ బిరడాకే యానోడ్ కడ్డీ ఉంటుంది. ట్యాంకు బదులు తుప్పు తానే తింటుంది కాబట్టి అది అరగడం మంచిదే. ముప్పాతిక వంతు కరిగిపోయి ఉంటే మార్చు. అల్యూమినియం ట్యాంకుకు మామూలు ప్లాస్టిక్ బిరడా వస్తుంది, దానికి యానోడ్ పెట్టకు.

చిన్న ట్రైలర్లలో గదిని, నీళ్లను రెంటినీ వేడిచేసే ట్రూమా కాంబి లాంటి యంత్రం ఉంటే అందులో 10 లీటర్లే పడతాయి. దాని ఫ్రాస్ట్ కంట్రోల్ వాల్వు సుమారు 3 డిగ్రీల దగ్గర తనంతట తనే తెరుచుకుని నీళ్లు వదిలేస్తుంది. ఆ సమయంలో పంపు స్విచ్ వేసి ఉంటే ట్యాంకులోని నీళ్లన్నీ నేలపాలే. సుమారు 7 డిగ్రీలు దాటితే గానీ అది మళ్లీ మూతపడదు, చెడిపోయిందని విప్పకు. అది ఆ యంత్రాన్నే కాపాడుతుంది, పైపులనూ పంపునూ కాదు.

ఇక పైపులు. మంచినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, నేలకు దగ్గరగా ఉండే చన్నీళ్ల, వేడినీళ్ల డ్రెయిన్లు రెండూ తెరువు. లోపలి కుళాయిలన్నీ తెరిచిపెట్టు. ఒకే మీట ఉన్న కుళాయిని నడిమధ్యలో ఎత్తి ఉంచాలి, ఒక పక్కకు తిప్పి వదిలేస్తే రెండో వైపు నీళ్లు అలాగే ఉంటాయి. షవర్ గొట్టం కొక్కెం నుంచి తీసి కింద పడెయ్. బయట షవర్ ఉంటే అది మరవకు, అందరూ మరిచేది దాన్నే. ట్రైలర్ ముందు జాకీ కాస్త ఎత్తీ దించీ చూడు, పల్లాల్లో దాక్కున్న నీళ్లు కదులుతాయి.

లోపల రబ్బరు పొర ఆడుతూ నీళ్లు తోసే డయాఫ్రమ్ పంపును కాసేపు ఖాళీగా తిప్పినా ఫర్వాలేదు. ట్యాంకులో మునిగి ఉండే రకాన్ని మాత్రం తిప్పకు, పైకి తీసి దులుపు. ఫిల్టర్ తీసి గిన్నె ఒంపెయ్. బయటి నీళ్ల కనెక్షన్ మూతి లోపల, నీళ్లను వెనక్కి పోనివ్వని ఒక నాన్‌రిటర్న్ వాల్వు ఉంటుంది. జల్లెడ తీసి మధ్య పుల్లను నొక్కితే దాని వెనక నిలిచిన నీళ్లు చిమ్ముతాయి.

కంప్రెసర్ ఉంటే గాలి కొట్టు, కానీ ఒత్తిడిని 30 పీఎస్ఐకి సెట్ చేశాకే. గీజరును బైపాస్ చేసి, అంటే దాన్ని తప్పించి పోయేలా దారి మళ్లించి, డ్రెయిన్లు మూసి, ఒక్కో కుళాయినీ విడిగా తెరుస్తూ తుంపర ఆగేదాకా ఊదాలి. టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుతో ఒత్తిడి వస్తుంది గానీ గాలి చాలదు, నాలుగైదు సార్లు ఊదాల్సి వస్తుంది.

సింకు కింది వంపు పైపులు గాలితో ఖాళీ కావు. ఒక్కోదాంట్లో గడ్డకట్టకుండా ఆపే ద్రవం, యాంటీఫ్రీజ్, ఒక కప్పు పొయ్యి. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన, ట్రైలర్లకని అమ్మే రకమే కొను. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగే నీళ్ల పైపుల దరిదాపులకు రానివ్వకు. పైపుల్లోకి కూడా ఎక్కించాలనుకుంటే గీజరు బైపాస్ మీటలు తిప్పాకే ఎక్కించు, లేకపోతే ఆ 22 లీటర్లూ నిండేదాకా డబ్బాలు ఖాళీ అవుతూనే ఉంటాయి.

గది హీటరు గాలిని వేడిచేసే ఫర్నేస్ అయితే అందులో తీసేందుకు నీళ్లే లేవు. ఆల్డె లాంటి, గోడ వెంట పైపుల్లో వేడి ద్రవం తిరిగే రకమైతే ఆ ద్రవాన్ని తీయకు. అది గ్లైకాల్ కలిపినదే. ద్రవం గాఢత చూపే రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేసి ఎంత చలికి ఆగుతుందో చూసుకో. అందులోని తుప్పు ఆపే మందు ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది కాబట్టి డబ్బా మీద రాసిన గడువుకు మార్చాలి, రెండు రకాలు కలపకూడదు. అయితే ఆ ద్రవాన్ని వేడిచేసే బాయిలర్ చుట్టూ మనం వాడుకునే వేడినీళ్ల తొట్టి ఒకటి ఉంటుంది. ద్రవం ఉందిలే అని దాన్ని వదిలేస్తే పగిలేది అదే. పసుపు మీట ఎత్తి అది మాత్రం ఖాళీ చెయ్యి.

అన్నీ అయ్యాక కుళాయిలు, డ్రెయిన్లు తెరిచే ఉంచు. గీజరు స్విచ్ మీద ‘ఖాళీ’ అని కాగితం అంటించు, ఖాళీ గీజరులో కరెంటు ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది. మళ్లీ వాడేటప్పుడు బైపాస్ మీటలు మామూలుగా తిప్పి, వేడినీళ్ల కుళాయిలో చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా ఆ కాగితం తీయకు.

అమ్మ