ఒకటో తరగతి కబుర్లు

మిత్రులందరికీ నమస్కారం. కొత్త బడి ఎలా ఉందని అడిగారు కదా, ఇప్పటికి తీరిక దొరికింది.

తిరుపతిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పడంలో ఒక సుఖం ఉంది. కిటికీ తెరిస్తే శేషాచలం కనిపిస్తుంది. అందుకే ఏడు దాకా అంకెలు కొండలతోనే నేర్పాను. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. "మరి ఎనిమిదో కొండ ఏది టీచర్?" అని ఒక బుడతడు నిలదీశాడు. నేను తడుముకుంటుంటే, పక్కనున్న పాప "అది ఇంకా పెరగలేదు" అని తేల్చేసింది! అంత చురుకైన వాళ్లకు 'ఋ' రాయమనగానే ఎక్కడలేని దాహం వేస్తుంది.

ఇంటికి చేరేసరికి గొంతు బొంగురుపోతుంది. మా అత్తయ్య మిరియాల పాలు కాచి ఉంచుతారు. అక్షరాల అట్టలు కత్తిరించే పని మా వారిది. అంచు వంకర పోతే మా అమ్మాయి ఊరుకోదు, మళ్లీ చేయిస్తుంది. వీళ్ల అండతోనే ఈ ఉద్యోగం ఇంత హాయిగా సాగుతోంది. ఎదురుగా అంటే నవ్వుతారని ఇక్కడ రాస్తున్నాను.

వచ్చే వారం పిల్లలను జూపార్కుకు తీసుకెళ్తున్నాం. ఇదివరకు వెళ్లినవాళ్లు ఉంటే, భోజనాలకు నీడ ఎక్కడ బాగుంటుందో చెప్పండి.