ఆపిల్ ఆవకాయకి మార్కులు పడలేదు పెద్దమ్మా

పెర్షోర్ దగ్గర, ఇంగ్లండ్,
ఆగస్టు 30

పెద్దమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బుజ్జిగాడి చేత చదివించుకుంటావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. వాడు మధ్యలో పేరాలు మింగేస్తాడు, కాస్త కనిపెట్టి ఉండు.

మొన్న ఫోన్లో, ఇక్కడి ఊరి ఊరగాయల, కేకుల పోటీలో ఈసారి నేనూ జడ్జినని చెబితే "తిని మార్కులేస్తే డబ్బులిస్తారా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే పాలు పొంగాయని పెట్టేశావు. ఇవ్వరు. ఒక శాండ్‌విచ్, ఒక కప్పు టీ. గెలిచినవాళ్ళకే ఒక పౌండో రెండు పౌండ్లో వస్తాయి. దానికోసం ఊళ్ళో వాళ్ళు నెలల తరబడి నిద్ర పాడుచేసుకుంటారు. నువ్వు నవ్వుతావని తెలుసు. సంక్రాంతి ముగ్గుల పోటీలో మన వీధివాళ్ళకి స్టీలు గిన్నె రాలేదని నువ్వు ఎన్నాళ్ళు మాట్లాడావో గుర్తు చేసుకుని అప్పుడు నవ్వు.

ఏటా ఆగస్టు చివర్లో ఊరి బయట మైదానంలో పెద్ద తెల్ల గుడారం వేస్తారు. ఒక పక్క కూరగాయలు: మెడలు దారంతో కట్టిన ఉల్లిపాయలు, కొలబద్ద పక్కన పడుకోబెట్టిన చిక్కుళ్ళు. ఇంకో పక్క జాములు, చట్నీలు, కేకులు. పొద్దున పదింటికల్లా అన్నీ బల్లల మీద సర్దేయాలి. ఆ తర్వాత అందరినీ బయటికి పంపి గుడారం మూసేస్తారు. లోపల జడ్జీలు, పక్కన నోట్‌బుక్కు పట్టుకున్న స్టీవార్డులు, అంతే. పేరు రాసిన కార్డు బోర్లా పెట్టి ఉంటుంది, ఎవరిదో తెలియదు. మధ్యాహ్నం రెండింటికి తెర తీస్తే జనం తోసుకుంటూ వస్తారు. మొదటి బహుమతికి ఎర్ర కార్డు, రెండో దానికి నీలం, మూడో దానికి పసుపు. కార్డు రంగు చూసి మొహాల రంగు మారడం చూడాలి నువ్వు.

నేను ఇందులో పడ్డది జడ్జిగా కాదు, ఓడిపోయి. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. నాలుగేళ్ళ కింద మా పక్కింటావిడ తోటలో రాలిన బ్రామ్లీ ఆపిల్ పళ్ళు బుట్టెడు ఇచ్చింది. అవి ఊరికే తినే ఆపిల్ కాదు, వండుకునేవి, ఆకుపచ్చగా ఉండి పళ్ళు జివ్వుమనే పులుపు. ఆ పులుపు చూసి నాకు పిచ్చి ఆలోచన వచ్చింది. ముక్కలు కోసి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె పోసి ఆవకాయ పెట్టేశాను. ఆగు, తిట్టకు. టెంక లేని ఆవకాయేమిటని నాకూ తెలుసు. పది రోజుల్లో ముక్క మెత్తబడింది కూడా. కానీ ఆ పది రోజులూ అద్భుతంగా ఉంది. ఆ ఊపులో ఒక సీసా తీసుకెళ్ళి "చట్నీ, ఒక సీసా" అన్న క్లాసులో, అంటే పోటీ విభాగంలో, పెట్టాను.

రెండింటికి వెళ్ళి చూస్తే నా సీసా దగ్గర రంగు కార్డు లేదు. చిన్న చీటీ మీద మూడక్షరాలు: ఎన్.ఏ.ఎస్. నాట్ యాజ్ షెడ్యూల్, అంటే అడిగింది ఇది కాదు అని. కింద పెన్సిలుతో ఇంకో మాట: పైన నూనె తేలింది.

పెద్దమ్మా, నూనె తేలిందని తప్పు పట్టారు! నూనె తేలలేదని నువ్వు జాడీ తిరగకలిపి మళ్ళీ నూనె కాచి పోయించిన రోజులు నాకు గుర్తొచ్చి, ఆ గుడారంలో ఏడుపొచ్చినంత పని అయింది.

ఆ చీటీ రాసినావిడ డెబ్బై దాటిన మనిషి. కోపంగా వెళ్ళి అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు, కూర్చోబెట్టి చెప్పింది. చట్నీ మాట మన దేశానిదే గానీ ఇక్కడ దాని అర్థం వేరట. పళ్ళో కూరలో, ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష, పంచదార, వినిగర్ వేసి గంటల తరబడి ఉడికించాలి. గరిటెతో అడుగు గీస్తే ఆ గీత పూడిపోకుండా నిలవాలి. ఆ తర్వాత రెండు మూడు నెలలు అలమరలో మాగాలి. దాని పైన తడి తేలిందంటే సరిగ్గా ఉడకలేదని లెక్క. "నీది చెడ్డదని నేను రాయలేదు. నేను అడిగింది అది కాదని రాశాను" అంది. పక్కనే అప్పటికే సగమైన నా సీసా ఉంది. మార్కులు వేయలేదు గానీ ఆవిడ తిన్నట్టే ఉంది!

మరుసటి ఏడు ఆవిడకే స్టీవార్డుగా చేరాను. సీసాలు అందించడం, చెంచాలు కడగడం, చెప్పింది రాయడం నా పని. నోరు మెదపకూడదు. నా నోరు నీకు తెలుసుగా, అదే కష్టం.

ముందు సీసాని వెలుగుకి ఎత్తి చూస్తుంది. మూత మీద దుకాణం పేరేదైనా ఉందా, లేబుల్ వంకరగా ఉందా, తేదీలో రోజు, నెల, సంవత్సరం మూడూ ఉన్నాయా చూస్తుంది. జాము అయితే అంచు దాకా నిండి ఉండాలి. వేడి మీద పోస్తారు కాబట్టి చల్లారేసరికి కొంచెం కుంగుతుంది, ఆ ఖాళీలో గాలి ఉంటే బూజు పడుతుంది. నువ్వేమో నూనె నిలవాలని జాడీలో బెత్తెడు ఖాళీ వదులుతావు. రెండూ బూజు రాకూడదనే! జాము మీద మైనం కాగితం బిళ్ళ వేస్తే పైన పల్చటి సెల్లోఫేన్ కట్టాలి, మూత బిగిస్తే బిళ్ళ వేయకూడదు. మన వాసెన కట్టడానికి ఎన్ని నియమాలున్నాయో దీనికీ అన్ని ఉన్నాయి.

ఇంత చాదస్తం ఎందుకంటే దానికో కథ ఉంది. ఇక్కడ విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఆడవాళ్ళ సంఘాలుంటాయి. 1897లో కెనడాలో పుట్టి, 1915లో ఈ దేశానికి వచ్చాయి. మన డ్వాక్రా సంఘాల్లాంటివే అనుకో, అప్పుల గొడవ లేకుండా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పంచదారకి రేషను పెట్టారు. చెట్ల కింద పళ్ళు కుళ్ళిపోతుంటే ప్రభుత్వమే ఈ సంఘాలకి పంచదార ఇచ్చి జాము పెట్టించింది. పల్లెటూళ్ళ హాళ్ళలో, వంటిళ్ళలో వేల టన్నుల పళ్ళు నిలవ చేశారు. ఆ సీసా ఎవరింటికి వెళ్తుందో పెట్టినవాళ్ళకి తెలియదు. పాడైపోతే పంచదార పోయినట్టే. అందుకే మూతా, తేదీ. ఇది విన్నాక లేబుల్ వంకరని మార్కు తగ్గిస్తే నాకు కోపం రావడం మానేసింది.

మూత తీశాక వాసన. ఆ తర్వాతే చెంచా. సగం మార్కులు రుచికీ వాసనకీ. స్ట్రాబెర్రీ జాములో పళ్ళన్నీ పైకి తేలి కింద ఒట్టి పాకం మిగిలిందంటే, పొయ్యి మీంచి దించీ దించగానే సీసాలో పోశారని అర్థం. పది నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి పోస్తే ముక్కలు సమంగా నిలబడతాయి. పాకం వచ్చిందో లేదో చూడ్డానికి చల్లటి సాసర్ మీద ఒక చుక్క వేసి వేలితో నెడతారు. ముడత పడితే వచ్చినట్టు. నువ్వు అరిసెల పాకం నీళ్ళ గిన్నెలో వేసి ఉండ చుట్టి చూడవూ, అదే చూపు. థర్మామీటరు ఉన్నవాళ్ళు 105 డిగ్రీలంటారు. మా జడ్జిగారు థర్మామీటరు వాడగా నేను చూడలేదు.

కేకుల దగ్గర ఇంకా తమాషా. విక్టోరియా స్పాంజ్ అని వీళ్ళ ఒకప్పటి రాణిగారి పేరు మీదున్న కేకు. గుడ్లు తూచి, అంతే బరువు వెన్న, అంతే పంచదార, అంతే పిండి. మధ్యలో రాస్ప్‌బెర్రీ జాము మాత్రమే. క్రీము పూస్తే అయిపోయావు. పైన సన్న పంచదార చల్లాలి, ఐసింగ్ పొడి పనికిరాదు. ఆవిడ కేకుని ఎత్తి అడుగు చూస్తుంది, తీగల పళ్ళెం మీద ఆరబెట్టిన గీతలు పడ్డాయేమోనని. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని నడిపించి చూసినట్టు అనిపించింది నాకు మొదట్లో.

పిల్లల క్లాసులో మాత్రం మనిషి మారిపోతుంది. ఒక ఏడు "అలంకరించిన బిస్కెట్లు, నాలుగు" అన్నచోట ఒక పళ్ళెంలో మూడే ఉన్నాయి. లెక్క తప్పితే పెద్దవాళ్ళకైనా ఎన్.ఏ.ఎస్. చీటీయే. నేను చీటీ అందించాను. ఆవిడ కాసేపు చూసి, "మూడూ చాలా బాగున్నాయి. నాలుగోది ఇంకా బాగుండి ఉంటుంది" అని రాసి పక్కన మెచ్చుకోలు కార్డు పెట్టింది. మధ్యాహ్నం ఆరేళ్ళ పిల్ల వచ్చి చదువుకుని, వాళ్ళ నాన్న వైపు చూసిన చూపుతో నాలుగోది ఎవరు తిన్నారో గుడారమంతటికీ తెలిసిపోయింది.

ఆవిడ దగ్గర నాకు బాగా పట్టుబడింది ఒకటుంది. "బాగుంది" అని నేను రాస్తే కొట్టేయించేది. ఏం బాగుందో రాయమనేది. పులుపా? ముక్క తునిగే తీరా? తిన్నాక నాలుక మీద మిగిలేదా? తప్పుంటే ఒక్కటే రాయాలి, అన్నిట్లోకీ పెద్దది. దాన్ని సరిచేసే దారి కూడా రాయాలి. "వినిగర్ ఘాటెక్కువ" అని వదిలేయకూడదు, "ఇంకో రెండు నెలలు మాగనిస్తే సర్దుకుంటుంది" అనాలి. మన ఇళ్ళల్లో ఎవరన్నారు పెద్దమ్మా ఇలా? ఉప్పు తక్కువైతే చెబుతారు. అన్నీ కుదిరితే మాట్లాడకుండా రెండోసారి పెట్టించుకుంటారు, అదే సర్టిఫికెట్టు. పెదనాన్న నీ పులుసు తిని ఏనాడైనా నోరు తెరిచి ఒక మాటన్నారా?

ఇక ఈ ఏటి సంగతి. కమిటీ వాళ్ళు కొత్త క్లాసు పెట్టారు: "నూనె ఊరగాయ, ఒక సీసా". నేను అడగలేదు, ఒట్టు. నా ఆపిల్ ఆవకాయ సంగతి జడ్జిగారే వాళ్ళ చెవిన వేసినట్టుంది. ఆ క్లాసు చూడమని నా మీదే పెట్టింది. "నాకు తెలియనిదాన్ని నేనెలా తూచను?" అంది. జడ్జి చూసే క్లాసులో జడ్జి పోటీ చేయకూడదు. నూనె ఊరగాయలకి చోటు వచ్చిన ఏడే నాకు పెట్టే వీల్లేకుండా పోయింది.

ఐదు సీసాలొచ్చాయి. వంకాయ ఒకటి, అందులో పంచదార పోశారు. బూడిదగుమ్మడంత పెరిగిన దోసకాయలాంటి కాయ ఒకటి ఇక్కడ పండుతుంది, దానితో ఒకటి, నీళ్ళు నీళ్ళు. మామిడి ఒకటి, సీసా తెరవగానే దుకాణం వాసన. ఇంట్లో పెట్టిందని నేను నమ్మలేదు, కానీ రుజువు లేదు కదా, ఉప్పు దగ్గర తగ్గించాను.

మిగిలినవి రెండు. ఒకటి నిమ్మకాయ. మూత తీయగానే ఇంగువ, వేయించిన మెంతులు, నువ్వుల నూనె. ఒక్క క్షణం నేను మన వెనక వసారాలో ఉన్నాను. చెంచా నోట్లో పెట్టుకోకముందే ఎర్ర కార్డు చేతిలోకి తీసుకున్నాను, నిజం చెప్తున్నాను. తిన్నాను. నిమ్మ తొక్క ఇంకా పచ్చిగా చేదుగా ఉంది. వారం కూడా ఊరలేదు. ఉప్పు విడిగా పలుకుతోంది.

రెండోది క్యారెట్, ఆవనూనెలో. ఆ నూనె వాసన నాకు ఎప్పుడూ గొంతు దిగదు. కానీ ముక్క కరకరలాడుతోంది, అన్నీ ఒకే సైజు, ఆవపిండి ఘాటు ముక్కు దాకా వచ్చి ఆగింది, నూనె వేలెడు మందాన నిలిచి ఉంది. తప్పు పట్టడానికి వెతికాను. నీళ్ళు తాగి, ఉప్పులేని బిస్కెట్టు ముక్క నమిలి, రెండూ మళ్ళీ తిన్నాను. అలా మూడుసార్లు. నా స్టీవార్డు కుర్రాడు గడియారం చూసుకుంటున్నాడు.

ఎర్ర కార్డు క్యారెట్‌కి పెట్టాను. నిమ్మకాయకి నీలం. "పోపు, ఇంగువ పాళ్ళు ఎక్కడా తప్పలేదు. తొక్క ఇంకా మెత్తబడాలి, మూడు వారాలు ఆగి తెరవండి" అని రాశాను.

క్యారెట్ కార్డు తిప్పితే, తేనెటీగలు పెంచే పెద్దాయన. ఎవరింట్లోనో తిని, అడిగి నేర్చుకున్నాడట. నిమ్మకాయ సీసా మాకు తెలిసిన కేరళ నర్సమ్మది. మా పిల్లాడి అన్నప్రాశనకి పాయసం చేసి తెచ్చిన మనిషి. ఆదివారం నుంచి నాతో మాట్లాడటం లేదు. రేపు వెళ్తాను, ఆ సీసా మూడు వారాలయ్యాక నాకే ఇమ్మని అడుగుతాను.

అన్నట్టు వూస్టర్ సాస్ అని ఇక్కడి పక్క ఊరి సరుకు ఒకటుంది, ప్రపంచమంతా కొంటారు. అందులో చింతపండు పడుతుంది. ఊరికే చెప్పాను, నువ్వు వింటే సంతోషిస్తావని.

నిన్న రాత్రి గిన్నెలు తోముతుంటే ఒకటి గుర్తొచ్చింది. పెళ్ళయిన ఏడాది వేసవిలో నీ దగ్గర కూర్చుని నా చేత్తో మొదటిసారి ఆవకాయ కలిపాను. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు, నువ్వే ఏరి ఇచ్చావు. మూడో రోజు తిరగకలిపినప్పుడు ఒక ముక్క తీసి, అరచేతి మీద పెట్టుకుని, ముందు ఊట నాకి, తర్వాత కొరికి, చాలాసేపు నమిలావు. "ఊఁ" అన్నావు. అంతే. జాడీ మూతేసి గుడ్డ కట్టి అటక మీద పెట్టించావు. ఆ "ఊఁ" బాగుందనా, బాగాలేదనా అని అడిగే ధైర్యం అప్పుడు లేకపోయింది.

ఇప్పుడు అడుగుతున్నాను. ఏం బాగుంది, ఏం బాగాలేదు, ఏం చేసి ఉండాల్సింది? బుజ్జిగాడి చేత రాయించి పంపు. వాడు తగ్గించి రాయకుండా చూడు.

వచ్చే నెల మా ఆయన స్నేహితుడు విజయవాడ నుంచి వస్తున్నాడు. అరకిలో పచ్చళ్ళ కారం, పావుకిలో ఆవపిండి పంపు, ఎండలో పెట్టి ఆడించినదే.

నీ
చిట్టి