చివరికి పాత బండే తీసుకున్నాను రా

హైదరాబాద్,
14 డిసెంబరు 2025

ఒరేయ్ ప్రసాదూ,

బండి ఇంటికొచ్చేసింది రా! నిన్న సాయంత్రం గేటు ముందు ఆపి స్వాతిని పిలిచి తాళం చేతిలో పెట్టాను. 2021 ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు, 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్ ఇంజిన్), మాన్యువల్, ఎరుపు రంగు. ఎంతకు తెగిందని ఫోన్లో అడిగావు గానీ, అది ఫోన్లో తేలే కథ కాదు. పైగా నువ్వూ సంక్రాంతిలోపు ఏదో ఒకటి కొనాలని చూస్తున్నావు కాబట్టి నేను నెలన్నర తిరిగిన తిరుగుడంతా రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నిజానికి నా మనసు మొదట కొత్త బండి మీదే ఉంది. సెప్టెంబరు 22 నుంచి చిన్న బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటే చాలు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ సరిగ్గా ఆ లెక్కలోకి వస్తుంది. 998 సీసీ టర్బో, 120 పీఎస్ పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 2023 నుంచి 6 గేర్ల మాన్యువల్ కూడా ఇస్తున్నారు. టెస్ట్ డ్రైవ్ చేశాను. సైలెన్సర్ చప్పుడు వింటేనే హుషారొస్తుంది. రెండో గేరులో తొక్కితే సీటుకి అతుక్కుపోయాను రా.

తర్వాత కొటేషన్ చేతికిచ్చారు. నేను చూసిన వేరియంటుకి ఆన్‌రోడ్, అంటే పన్నులూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపి, 12 లక్షల 60 వేలు. అక్కడే కూర్చుని ఒక్కో లైను చదివాను. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ టాక్స్, ఈ రెంటినీ మనం కదపలేం. పది లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) వేశారు. అది రిటర్న్ వేసినప్పుడు మన టాక్స్‌లో సర్దుబాటవుతుంది, కాబట్టి ఖర్చు కింద లెక్కపెట్టకు. బేరమంతా వాటి కింద ఉన్న లైన్లలోనే. ఇన్సూరెన్స్ 51 వేలు, యాక్సెసరీస్ 28 వేలు, పెయింటు మీద వేసే కోటింగ్ 15 వేలు, హ్యాండ్లింగ్ చార్జీలు 8,500. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలని రూలేం లేదు. అదే జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్), అదే ఐడీవీ (ఇన్సూరెన్స్‌లో బండికి కట్టే విలువ) పెట్టి ఫోన్లో చూస్తే 36 వేలు చూపించింది. ఆ స్క్రీన్ అలాగే సేల్స్ కుర్రాడికి చూపించాను. మంచి కుర్రాడు, విసుక్కోలేదు. లోపలికెళ్లి మేనేజరుతో మాట్లాడొచ్చి, ఇన్సూరెన్స్ 38 వేలకి దించి, కోటింగూ హ్యాండ్లింగూ తీసేశాడు. యాక్సెసరీస్‌లో మ్యాట్లు, మడ్ ఫ్లాపులు తప్ప మిగతావన్నీ నేనే కొట్టేయించాను. మొత్తం మీద 55 వేలు తగ్గింది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. "ఈ లైను ఎందుకు బాబూ?" అని ఒక్కొక్కటీ అడిగానంతే.

అయినా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఇంటికొస్తే స్వాతి అంది, "మనకి ఇంట్లో ఒక బండి ఉంది. ఇది నువ్వు సరదాగా నడుపుకోవడానికి కదా, దానికి పన్నెండు లక్షలా?" అని. ఆ మాట నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున వికారాబాద్ దాకా వెళ్లి రావడానికి నాకీ బండి. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. అంత తక్కువ తిరిగే బండికి మొదటి మూడేళ్లలో పడిపోయే విలువ నేనెందుకు భరించాలి అనిపించింది.

అలా పాత బండ్ల వేట మొదలైంది. మొదట చూసింది ఒక డీలర్ దగ్గర. ఎవరో చెప్పను, ఏ బండో కూడా వద్దులే. మీటరు 31 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, పైన అద్దంలా మెరుస్తోంది. కానీ క్లచ్ పెడల్ రబ్బరు ఒక పక్క నున్నగా అరిగిపోయింది. 31 వేలకి అలా అరగదురా. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీసి చూస్తే, అడుగున వెల్డింగ్ గీత మీద కొత్త పెయింటు. బానెట్ బోల్టులకి పానా పెట్టిన గుర్తులు. సర్వీస్ సెంటర్‌కి బండి నంబరు చెప్పి అడిగితే, రెండేళ్ల కిందటే 58 వేల దగ్గర సర్వీసు అయిందని తేలింది. నాకు కోపం కంటే భయమేసింది. వెనక నుంచి గుద్దించుకున్న బండిని పూత పూసి ఒక కుటుంబానికి అంటగట్టబోయారు. నువ్వు ఎవరి దగ్గర చూసినా సరే, ఆ స్టెప్నీ గుంట చూడకుండా మాత్రం రావద్దు. నా మాట విను.

ఈ పోలో ఏ.ఎస్.రావు నగర్‌లో ఒక రిటైర్డ్ ఇంజనీరుగారిది. ఫస్ట్ ఓనర్, 42 వేల కిలోమీటర్లు. నేను వెళ్తున్నానని ముందే ఫోన్ చేసి, "అంకుల్, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది, పొగ లేదు, టకటకమనే చప్పుడు లేదు. టైర్ల మీద నాలుగూ 1421 అని ఉన్నాయి. అంటే 2021లో 14వ వారం తయారైనవి, బండితో వచ్చినవే. ఆ తర్వాత ఆయన లోపలికెళ్లి ఒక నీలం ఫైలు తెచ్చారు. మొదటి సర్వీసు నుంచి ప్రతి బిల్లూ తారీకు వరసన పంచ్ చేసి ఉంది. పంక్చర్ వేయించిన చీటీ కూడా ఉందిరా! ఒక్కో బిల్లు మీద పెన్సిలుతో కిలోమీటర్లు రాసుకున్నారు. ఆ ఫైలు చూశాకే బండి మీద నాకు నమ్మకం కుదిరింది, నడపక ముందే.

ఇక నడిపాక ఏం చెప్పను! 110 పీఎస్ అంటే కాగితం మీద ఎన్ లైన్ కంటే తక్కువే, వెనక డ్రమ్ బ్రేకులే. కానీ మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు బండి రోడ్డుని పట్టుకునే తీరు, తలుపు వేసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు, అవి నాకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టం. పుణె దగ్గర చాకన్‌లో వీటి తయారీ 2022లో ఆపేశారు. ఇక దొరికితే ఇలా ఎవరి దగ్గరో దొరకాల్సిందే. ఒక్క విషయంలో మాత్రం మనసు పీకింది. ఎయిర్‌బ్యాగులు రెండే, కొత్త బండిలో ఆరు. అందుకే పిల్లలతో దూర ప్రయాణం ఎప్పుడూ ఇంట్లో ఉన్న ఆ రెండో బండిలోనే అని స్వాతీ నేనూ ముందే అనుకున్నాం.

బేరం సంగతికి వస్తున్నా. ఆయన 6 లక్షల 90 వేలు చెప్పారు. నేను బండికి వంక పెట్టలేదు. మంచి బండికి వంక పెడితే అమ్మేవాళ్ల మనసు విరుగుతుంది, బేరం అక్కడే ఆగిపోతుంది. ఒక కాగితం తీసి, నేను కొన్న వెంటనే పెట్టాల్సిన ఖర్చులు ఆయన ఎదురుగానే రాశాను. నాలుగు టైర్లు 34 వేలు, బ్యాటరీ 6,500, ముందు బ్రేక్ ప్యాడ్లు 5 వేలు. ఇన్సూరెన్స్ ఫిబ్రవరిలో అయిపోతుంది, ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, నాకు రాదు. "అంకుల్, ఇవన్నీ పోను నేను 6 లక్షల 20 వేలు ఇవ్వగలను" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివారు. ఆంటీ టీ తెచ్చారు. టీ అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. నాకైతే లోపల ఒకటే టెన్షన్, కానీ నోరు మెదపలేదు. చివరికి ఆయనే, "టైర్ల మాట నిజమే బాబూ, 6 లక్షల 60 వేలు చేసుకో" అన్నారు. నేను 6 లక్షల 45 వేలన్నాను, డబ్బు మొత్తం ఒకేసారి అకౌంటులో వేస్తానన్నాను. ఆంటీ ఆయన వైపు చూసి తలూపారు. అంతే, తెగింది.

కాగితాల దగ్గర తొందరపడలేదు. ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరు ఉంది. లోన్ తీరిపోయినా ఆయన తీయించుకోలేదు. అందుకని 10 వేలు టోకెన్ ఇచ్చి రాయించుకుని, బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చి, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాకే మిగతాది వేశాను. చలానాలు రెండుంటే అక్కడే కట్టేశారు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నా పేరుకి మార్చుకోవాలి, రేపే ఆ పని.

ఇదంతా చదివి నువ్వూ పాతదే కొంటానంటావేమో. వద్దురా. నువ్వు రోజూ గాజువాక నుంచి అచ్యుతాపురం వెళ్లొస్తావు, అదే బండిలో పిల్లల్ని బడికి దింపుతావు, రోడ్డు మీద ఆగిపోతే నీకు డ్యూటీ పోతుంది. నీకు వారంటీ కావాలి, ఆరు ఎయిర్‌బ్యాగులు కావాలి. హైదరాబాద్‌లో చవకగా దొరికిందని ఇక్కడ కొన్నా, ఎన్ఓసీ తీసుకుని ఆంధ్రాలో మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, ఆ చవక అక్కడే పోతుంది. నీ మనసు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 మీదే ఉందని తెలుసు. 150 పీఎస్ బండి, ఎవరికి ఉండదు! దాని మీద పన్ను 45 శాతం నుంచి 40కి వచ్చింది కూడా. కొంటే ఈ నెల చివరి వారంలో వెళ్లు. జనవరి వస్తే వాళ్ల దగ్గరున్న బండి పోయిన ఏడాది బండి అయిపోతుంది, కాబట్టి వాళ్లకీ తొందర ఉంటుంది. కానీ తయారైన నెల ఏదో ముందే అడుగు. ఆర్సీలో అదే పడుతుంది, రేపు నువ్వు అమ్మేటప్పుడు కొనేవాడు అదే చూస్తాడు. ఎండలో ఆరు నెలలు నిలబడ్డ బండికి తగ్గింపు గట్టిగా అడగాలి, లేదంటే కొత్త లాటు ఇవ్వమనాలి.

కొటేషన్ చేతికి రాగానే ఫోటో తీసి నాకు పంపు. ఇద్దరం కూర్చుని ఒక్కో లైనూ చూద్దాం, అప్పటిదాకా టోకెన్ కూడా ఇవ్వకు. భోగి నాటికి నేను ఈ బండిలోనే విశాఖ వస్తున్నా. కనుమ మర్నాడు అరకు ఘాట్‌కి వెళ్దాం. ఎక్కేటప్పుడు నేను నడుపుతా, దిగేటప్పుడు నువ్వు.

నీ
రవి