కాలు తీస్తే మామూలు, కాలు పెడితే పూనకం

ఒరేయ్ బావా,

జవాబు రాయలేదని ఈపాటికి నన్ను తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, తప్పులేదు. ఇక్కడ అందరూ బాగానే ఉన్నాం. పాపకి పరీక్షలు అయ్యాయి, ఆఫీసు ఎప్పటి గోలే, మా అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు. అసలు సంగతి బండిది. అది నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

అదేరా, శ్రీశైలం ఘాట్ దిగాక నువ్వు బానెట్‌కి ముద్దు పెట్టిన బండి. (నీ మూతి కాలిన సంగతి మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.) దానికి కొత్త జబ్బు పట్టుకుంది. ఇక్కడ బెంగళూరులో సిల్క్ బోర్డ్ సిగ్నల్లో ఆగామనుకో, ఎనిమిది వందల దగ్గర కదలకుండా ఉండాల్సిన ఆర్‌పీఎం ముల్లు పదిహేను వందల దాకా లేస్తుంది, దబ్బున పడిపోతుంది, ఇంజిన్ ఆగిపోతుందేమో అనుకునేలోగా మళ్లీ లేస్తుంది. ఊఁ... ఊఁ... అని ఒకటే పూనకం. నేను కావాలనే రేజ్ చేస్తున్నానని ముందున్న ఆటో అతను వెనక్కి తిరిగి కన్నడంలో ఏదో అన్నాడు. అర్థం కాకపోవడమే మంచిదైంది.

పోనీ ఎప్పుడూ వస్తుందా అంటే రాదు. ఒక సిగ్నల్లో వస్తుంది, ఇంకో సిగ్నల్లో బుద్ధిగా ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగదు. వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే గంటసేపు స్టార్టింగ్‌లో ఉంచినా పూనకం రానే రాదు. వాళ్లు థ్రాటిల్ బాడీ కార్బన్ తీశారు, ప్లగ్గులు మార్చారు, బిల్లు చేతిలో పెట్టారు. మళ్లీ మరుసటి రోజే మొదలు. ఈసారి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే స్పీడ్) కంట్రోల్ వాల్వ్ మార్చాలన్నారు. గుడ్డిగా ఎందుకు మార్చాలని నేను ఒప్పుకోలేదు. మా వీధి మెకానిక్ భాయ్ ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అతుకుల మీదా, గొట్టాల మీదా కార్బ్ క్లీనర్ కొట్టి చూశాడు. ఎక్కడైనా గాలి లాగుతుంటే ఆ స్ప్రే లోపలికి పోయి ఇంజిన్ శబ్దం మారుతుంది కదా. ఏమీ మారలేదు. "లీకేజ్ లేదు సార్" అన్నాడు. పాపం, అతను చూసినంతవరకు నిజంగానే లేదు!

ఇక మామగారి ఘట్టం. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషని తెలుసుగా, పక్క సీట్లో కూర్చుంటే ఆయన కాళ్లు కూడా బ్రేక్ తొక్కుతుంటాయి. మొన్న మారతహళ్లి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఏసీ ఆపి, పాటలు ఆపి, చెవి ఒగ్గి విన్నారు. "అల్లుడుగారూ, బ్రేక్ మీద కాలు ఒకసారి తీయండి" అన్నారు. తీశాను. ముల్లు చక్కగా కిందికి వచ్చి నిలబడింది. "ఇప్పుడు తొక్కండి." తొక్కితే కాళ్ల దగ్గర ఉస్స్‌మని సన్నటి బుస, వెంటనే పూనకం! నాకు ఒళ్లు జలదరించింది బావా.

చూశావా తమాషా? వర్క్‌షాప్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, బయట నిలబడి చూస్తారు. బ్రేక్ మీద కాలు పెట్టేవాడే లేడు. నేనూ అంతే, చదునుగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ లాగి కాలు తీసేస్తా, వాలులో అయితే తొక్కి ఉంచుతా. సిగ్నల్‌కో రకంగా ఉండడానికి కారణం అదీ.

బ్రేక్ బూస్టర్ ఉంటుందే, మన కాలి బలానికి తోడు బలమిచ్చేది, పెడల్ ముందు నల్లటి పెద్ద డబ్బా, దాని లోపల డయాఫ్రం అని ఒక రబ్బరు పొర. ఇంజిన్ నుంచి గొట్టం ద్వారా దానికి వ్యాక్యూమ్ (గాలిని లాగే గుణం) వస్తుంది. కాలు తీసి ఉంటే డయాఫ్రంకి రెండు వైపులా వ్యాక్యూమే, అది చిరిగినా ఏమీ తెలియదు. తొక్కగానే ఒక వైపుకి బయటి గాలి వస్తుంది. ఆ గాలి చిరుగులోంచి ఇవతలికి, అక్కణ్ణుంచి గొట్టంలో పడి ఇంజిన్‌లోకి. గాలి పెరిగితే ఈసీయూ, అదే ఇంజిన్ కంప్యూటర్, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది, స్పీడ్ లేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంత స్పీడేమిటని పెట్రోలు కట్ చేస్తుంది, పడిపోతుంది. మళ్లీ పోస్తుంది. ఇదీ ఆ ఊగుడు.

ఇంటికొచ్చాక నా ఓబీడీ స్కానర్, అదే ఇంజిన్ లెక్కలు చదివే పరికరం, తగిలించా. నవ్వకు, నువ్వు "బొమ్మ" అన్నదే. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు మానిఫోల్డ్ ప్రెషర్ 91 కిలోపాస్కల్స్ చూపించింది. కంగారు పడకు, మన బెజవాడలో అయితే వంద చూపిస్తుంది, బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది కదా. ఐడిల్‌లో 34. బ్రేక్ తొక్కితే 50కి ఎగబాకింది, అంటే ఎక్కణ్ణుంచో గాలి చొరబడుతోంది. మామగారు బూస్టర్ గొట్టానికి గుడ్డ చుట్టి, ప్లయర్‌తో గట్టిగా నొక్కిపట్టారు. నేను బ్రేక్ తొక్కే ఉన్నా ముల్లు కదల్లేదు! (ఇది బండి నిలబెట్టి మాత్రమే చేయాలి, పెడల్ రాయిలా అయిపోతుంది.) ఇంకోటి చేయించారు. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. మనది ఏదో మొహమాటానికి దిగినట్టు దిగింది. నీ బండికీ ఈ ఆదివారం చేసి చూడు, మర్చిపోకు.

జేసీ రోడ్‌లో కొత్త బూస్టర్ తెచ్చాం. భాయ్ పాతది ఊడదీస్తే లోపలంతా బ్రేక్ ఆయిల్ తడి. చక్రాలకి బ్రేక్ ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ వెనక సీల్ కారి, ఆయిల్ బూస్టర్‌లోకి దిగి, రబ్బరుని తినేసింది. బయట చుక్క పడదు, బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ మాత్రం మెల్లగా తగ్గుతుంది. అదే నాకు వెన్నులో వణుకు తెప్పించింది. ఐడిల్ గోల అనుకుంటూ తిరిగాం, అసలు పోతున్నది బ్రేక్! పిల్లని ఎక్కించుకుని... సరే, వదిలేయ్. సీల్ కూడా మార్పించి, నాలుగు చక్రాలకీ బ్లీడింగ్ చేయించి బ్రేక్ గొట్టాల్లో గాలి తీయించాం. ఇప్పుడు ముల్లు ఎనిమిది వందల మీద అతికించినట్టుంది.

మామగారి డాబు మాత్రం భరించలేకపోతున్నాం. అపార్ట్‌మెంట్‌లో కనిపించిన ప్రతి బండి బ్రేకూ తొక్కి చూస్తున్నారు. నిన్న సెక్రటరీగారి కొత్త కారెక్కి ఏం చేశారో తెలుసా... అయ్యో, స్కూల్ వ్యాన్ హారన్ కొడుతోంది, పాపకి ఇంకా బూట్లు వేయలేదు. మిగతాది ఫోన్‌లో చెప్తా. అక్కయ్యకి చెప్పు, గోంగూర పచ్చడి అందింది.

నీ
బావ